రెమాగెన్‌లో వంతెన ఒక్కటే చూసి రాకండి

జర్మనీలో బాన్ నుంచి కోబ్లెంజ్ వెళ్లే రైలు దారిలో రెమాగెన్ వస్తుంది. అక్కడ దిగేవాళ్లలో ఎక్కువమంది లూడెన్‌డార్ఫ్ వంతెన కోసమే దిగుతారు. 1945 మార్చి 7న అమెరికన్ సైన్యం ఆ వంతెనను పట్టుకుని రైన్ నది దాటింది. పది రోజులకే అది కూలిపోయింది. ఒడ్డున మిగిలిన నల్లటి బురుజుల్లో 1980 నుంచి శాంతి మ్యూజియం నడుస్తోంది. లోపలంతా మెట్లే కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తే ఇబ్బంది. చలికాలంలో మూసేస్తారు, తేదీలు చూసుకుని బయల్దేరండి.

వంతెన సంగతి సరే. నేను వెళ్లింది ఊరికి దక్షిణాన ఉన్న పచ్చిక మైదానాల కోసం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో అమెరికన్లు రైన్ ఒడ్డు పొడవునా ముళ్లకంచెలు వేసి లక్షలాది జర్మన్ సైనికులను ఉంచారు. రెమాగెన్, పక్కనున్న సిన్‌జిగ్ క్యాంపులు రెండిట్లోనే దాదాపు రెండున్నర లక్షల మంది. షెడ్లు లేవు, చాలామందికి టెంట్లు కూడా లేవు. ఏప్రిల్ వానల్లో, చలిలో, చెంచాలతో, ఖాళీ డబ్బాలతో గుంతలు తవ్వుకుని వాటిల్లోనే పడుకున్నారు. తిండి అరకొర, నీళ్లకు గంటల కొద్దీ క్యూ.

ఇప్పుడక్కడ కంచె లేదు, గుంతలు లేవు. ఫ్యాక్టరీ షెడ్లు, పొలాలు, సైకిల్ దారి, అంతే. ఏదో కనిపిస్తుందని ఆశపడితే నిరాశే. చూడాల్సింది 1987లో కట్టిన నల్ల మేరీమాత చాపెల్. అడాల్ఫ్ వాంపర్ అనే శిల్పి ఖైదీగా ఉన్నప్పుడు క్యాంపు బంకమట్టితోనే ఆ విగ్రహం చేశాడు. దగ్గరికెళ్లి చూస్తే మన ఊళ్లో కుమ్మరి చేతి పని గుర్తొస్తుంది. ప్రవేశం ఉచితం. దగ్గర్లో కొట్లు పెద్దగా లేవు కాబట్టి మంచినీళ్లు వెంట ఉంచుకోండి. ఆదివారమైతే ఊళ్లో సూపర్‌మార్కెట్లూ మూతే. మేం పులిహోర కట్టుకెళ్లి బతికిపోయాం.

ఈ క్యాంపులు చూస్తున్నంతసేపూ నాకు అమెరికాలో టెక్సాస్‌లోని క్యాంప్ హెర్న్ అనే యుద్ధఖైదీల క్యాంపు గుర్తొస్తూనే ఉంది. హ్యూస్టన్‌లో బంధువులుంటే ఓసారి వెళ్లొచ్చాను, రెండు గంటల డ్రైవ్. అక్కడా ఖైదీలు జర్మన్లే, కాపలా అదే అమెరికన్ సైన్యం. కానీ 1943లో వాళ్లకు మంచాలు, క్యాంటీన్, ఆర్కెస్ట్రా, నాటకాలు ఉన్నాయి. అమెరికా క్యాంపుల్లో బయట పనికెళ్తే రోజుకు 80 సెంట్ల విలువైన కూపన్లు కూడా. హెర్న్‌లో ఖైదీలకు భయమంటే తోటి నాజీ ఖైదీలతోనే: 1943 డిసెంబరులో హ్యూగో క్రౌస్ అనే ఖైదీని వాళ్లే కొట్టి చంపారు.

ఇంత తేడా ఎందుకు? 1943లో అమెరికన్ సైనికులు జర్మనీ చెరలో ఉన్నారు. ఇక్కడ జర్మన్ ఖైదీలను సరిగ్గా చూసుకోకపోతే అక్కడ తమవాళ్లకు ముప్పు. 1945 మేలో జర్మనీ లొంగిపోయాక ఆ భయం పోయింది. పైగా కొత్తగా పట్టుబడ్డవాళ్లను యుద్ధఖైదీలుగా కాక 'నిరాయుధ శత్రుసేన'గా లెక్కగట్టడంతో, యుద్ధఖైదీలను ఎలా చూసుకోవాలో చెప్పే జెనీవా ఒప్పందం ప్రకారం రేషన్ ఇవ్వాల్సిన బాధ్యత తప్పించుకున్నారు. ఆ ఏడాది యూరప్ అంతటా తిండికి కటకటే, ఇంతమంది ఒక్కసారిగా లొంగిపోతారని సైన్యమూ అనుకోలేదు. అయినా టెంట్లు కూడా వేయకపోవడం నాకైతే మింగుడుపడదు.

రైన్ క్యాంపులన్నిట్లో చనిపోయినవారు సుమారు 3,000 నుంచి 10,000 మంది అని చరిత్రకారుల అంచనా. లక్షల్లో చనిపోయారనే ప్రచారాన్ని వాళ్లు ఒప్పుకోరు. జర్మన్ల చెరలో 30 లక్షలకు పైగా సోవియట్ సైనికులు చనిపోయారన్నది కూడా తెలుసుకుని వెళ్తే మంచిది.

బస గురించి. నది ఒడ్డు గెస్ట్‌హౌస్‌లో వ్యూ అద్భుతం, నిద్ర మాత్రం సున్నా. రైన్‌కు రెండు వైపులా రాత్రంతా గూడ్సు రైళ్లే. బాన్‌లో గది తీసుకుని పొద్దున్నే రావడం నయం. సాయంత్రానికి టైముంటే ఆర్ నది లోయ వైపు రైలెక్కి బాడ్ బోడెన్‌డార్ఫ్‌లో దిగండి, ఈ క్యాంపుల్లో పోయిన 1,200 మందికి పైగా అక్కడి శ్మశానంలో ఉన్నారు. మ్యూజియమా, శ్మశానమా అని ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే నేను శ్మశానానికే వెళ్తాను.