జర్మన్ జీతాల కాగితాలకు అనువాద సాఫ్ట్‌వేర్: ఏళ్ల వాడకం తర్వాత

హైదరాబాదులో కూర్చుని జర్మనీ ఉద్యోగుల జీతాల లెక్కలు చూసే మాలాంటివాళ్లకు ఈ సాఫ్ట్‌వేర్‌లో పనికొచ్చేది ఒక్కటే, సొంత పదకోశం. ఏ జర్మన్ మాటకు ఇంగ్లీషులో ఏం రావాలో మనమే రాసిపెట్టుకుంటే, ఆ తర్వాత ప్రతి కాగితంలోనూ అదే వస్తుంది. మిగతా హంగుల గురించి చెప్పుకోవడానికేమీ లేదు.

పే స్లిప్పుల దగ్గర దీని విలువ తెలుస్తుంది. కంపెనీ కారును సొంతానికి వాడుకునే ఉద్యోగి స్లిప్పులో 'గెల్డ్‌వేర్టర్ ఫోర్‌టైల్' అనే వరుస ఉంటుంది. పెట్రోలు, డీజిలు కార్లకు సాధారణంగా జాబితా ధరలో 1 శాతాన్ని నెలనెలా లెక్కగడతారు. ఇల్లు ఆఫీసుకు దూరమైతే దానికి అదనం వేరే. ఆ మొత్తాన్ని పన్ను కోసం స్థూల జీతంలో కలిపి, చివర్లో మళ్లీ తీసేస్తారు. ఉద్యోగికి అది కారు రూపంలో ఎలాగూ అందింది కదా. సాఫ్ట్‌వేర్ మొదట్లో దీన్ని 'మానిటరీ అడ్వాంటేజ్' అనేది. అది చదివిన మేనేజర్లు, ఇచ్చిన డబ్బు మళ్లీ ఎందుకు కోశారని అడిగేవారు. పదకోశంలో 'టాక్సబుల్ బెనిఫిట్ ఇన్ కైండ్' (డబ్బుగా కాక వేరే రూపంలో అందే, పన్ను పడే సౌకర్యం) అని పెట్టాక ఆ ప్రశ్న ఆగిపోయింది. కేవీ, ఆర్‌వీ, ఏవీ, పీవీ అని పొడి అక్షరాల్లో ఉండే ఆరోగ్య, పింఛను, నిరుద్యోగ, సంరక్షణ బీమాల కోతలూ అలాగే కుదురుకున్నాయి. ఎంత హాయిగా ఉండేదో! ఆ ఉత్సాహంలో తెలిసినవాళ్లందరికీ దీన్నే కొనమని చెప్పాను. ఇప్పుడైతే అడిగినవాళ్ల పనేమిటో కనుక్కున్నాకే చెబుతున్నాను.

కారణం, మామూలు చందా మీద అదనంగా పైచందా కడితే సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లే తయారుచేసి ఇచ్చే ఉద్యోగ వ్యవహారాల పదకోశం. అందులోని మాటలు మార్చడానికి వీల్లేదు. జర్మనీలో అయిదేళ్లు దాటి పనిచేసిన మన తెలుగు ఇంజనీరు ఒకరు రాజీనామా చేసి ఇండియాకు వచ్చేస్తుంటే, ఆయన ఫైలు మా దగ్గరికొచ్చింది. అందులో కంపెనీ ఉత్తరం: 'మీ క్యుండిగుంగ్ మాకు అందింది.' ఉద్యోగి తనంతట తాను మానేసినా, కంపెనీ తీసేసినా జర్మన్‌లో వాడేది ఆ మాటే. తాళం వేసిన పదకోశం దానికి 'టెర్మినేషన్' అని రాసింది, సారాంశంలోనూ అదే పెట్టింది.

ముందుగా అనుమానం వచ్చింది మా టీమ్ లీడర్‌కు. అయిదేళ్లు నిండిన మనిషిని తీసేయాలంటే జర్మన్ చట్టం ప్రకారం కంపెనీ కనీసం రెండు నెలల గడువివ్వాలి. ఇక్కడ నాలుగు వారాలే ఉందేమిటన్నారు. ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, ఆ నాలుగు వారాలు ఉద్యోగి తానే వెళ్లిపోయేటప్పుడు ఇవ్వాల్సిన గడువు. ఈలోగా తాను చేరబోయే కొత్త కంపెనీ విచారణలోనూ 'టెర్మినేషన్' అన్న ఆ మాటే తగిలి ఆ ఇంజనీరు ఫోన్ చేశారు. "మేడమ్, రాజీనామా ఇచ్చింది నేనే కదండీ, నన్ను తీసేసినట్టు ఎందుకుంది?" ఆ గొంతులోని కంగారు తలచుకుంటే నాకింకా కోపం వస్తుంది. అదృష్టం, జర్మనీలో రాజీనామా ఉత్తరం కాగితం మీద, చేతి సంతకంతో ఉంటేనే చెల్లుతుంది, ఈమెయిలు చాలదు. అందుకని ఆయన సంతకమున్న అసలు రాజీనామా ప్రతి ఫైలులోనే ఉంది. దాన్ని జతచేసి సరిదిద్దిన ఇంగ్లీషు ప్రతి పంపాం. అమ్మినవాళ్లకు ఫిర్యాదు చేస్తే, అనువాదం సరైనదేనన్నారు.

ఇప్పుడు వాళ్లు తయారుచేసి ఇచ్చిన ఆ పదకోశాన్ని తీసేశాం. మా సొంత జాబితాలో 'ఐగెన్‌క్యుండిగుంగ్' (ఉద్యోగి తానే మానేయడం) అని స్పష్టంగా ఉంటే రిజిగ్నేషన్ అని పెట్టాం. ఒట్టి 'క్యుండిగుంగ్' కనిపిస్తే అనువదించకుండా జర్మన్‌లోనే వదిలేయమన్నాం. అది చూసిన మనిషి అక్కడ ఆగి, ఉత్తరం రాసిందెవరో చూసుకుంటారు.

నా పనిలో ఎక్కువ భాగం పే స్లిప్పులే, పక్క సీటులో జర్మనీలో చదువుకొచ్చిన సహోద్యోగి ఉన్నారు, కాబట్టి నాకు ఇది గిట్టుబాటే. ఒప్పందాలు, ఉత్తరాలు ఎక్కువగా చూసేవాళ్లకు, అడగడానికి పక్కన జర్మన్ తెలిసినవాళ్లు లేనివాళ్లకు ఏడాది చందా కట్టమని చెప్పలేను. మేమూ ఈసారి పైచందా మానేసి, సొంత పదకోశం ఒక్కటే ఉండే తక్కువ ధర ప్లాను తీసుకున్నాం.