గోల్ఫ్ క్లబ్ ఫిట్టింగ్: స్వింగ్ దిద్దుకుని వెళ్ళాలా, ఉన్నదాంతోనే వెళ్ళాలా?

"అన్నా, ముందు కోచ్ దగ్గరికి పోవాల్నా, ఫిట్టర్ దగ్గరికి పోవాల్నా?"

గోల్కొండలో ఆదివారం గోల్ఫ్ రౌండ్ ముగించి చాయ్ దగ్గర కూర్చుంటే ఈమధ్య ఈ ప్రశ్న వారం తప్పడం లేదు. ఫిట్టర్ అంటే మన ఒంటికీ, స్వింగ్‌కీ తగ్గట్టు క్లబ్బుల కొలతలు తేల్చేవాడు. అడిగేవాళ్ళు కొత్తవాళ్ళు కారు. మూడు నాలుగేళ్ళుగా ఆడుతున్నవాళ్ళు. ఫ్లెక్స్ (క్లబ్ కడ్డీ, అంటే షాఫ్ట్, ఎంత వంగుతుందో), లై (షాఫ్ట్ నేలతో చేసే కోణం), లాఫ్ట్ (బంతిని తాకే ఫేస్ వెనక్కి ఎంత వాలిందో) అన్నీ తెలుసు. సెట్ కోసం డబ్బు కూడా పక్కన పెట్టుకున్నారు. తేలనిది ఒక్కటే: రెండు మూడు నెలలు కోచింగ్ తీసుకుని స్వింగ్ దారిలో పడ్డాక కొలతలకి వెళ్ళాలా, లేక ఇప్పుడున్న స్వింగ్‌తోనే వెళ్ళిపోవాలా?

నేను రెండూ చేశాను. రెండుసార్లూ డబ్బు కట్టాను కాబట్టి నాలుగు మాటలు చెప్పే హక్కు ఉందనుకుంటున్నా.

నాలుగేళ్ళ కిందట మొదటిసారి వెళ్ళింది పూర్తి తయారీతో. మూడు నెలలు, వారానికి రెండు క్లాసులు. అది చాలదన్నట్టు జిమ్ కూడా. ఆ రోజు పొద్దున్నే ఇడ్లీ తిని, ఇస్త్రీ టీషర్ట్ వేసుకుని ఓ స్టూడియోకి వెళ్ళాను. ఏసీ గది, ఎదురుగా తెర, పక్కన మెషిన్. ప్రతి షాటుకీ స్పీడ్ అంకె కళ్ళముందు పడుతుంటే ఇంకో రెండు మైళ్ళు లాగాలని ఎవరికైనా అనిపిస్తుంది. కోర్సులో నా 7 ఐరన్ (మధ్య దూరాలకి వాడే క్లబ్) క్యారీ, అంటే బంతి గాల్లో వెళ్ళే దూరం, 140 గజాలు. అక్కడ 155 వచ్చింది. మురిసిపోయాను. ఫిట్టర్ తను చూసిన స్వింగ్‌కి తగ్గట్టు స్టిఫ్ (గట్టి) షాఫ్ట్, 120 గ్రాముల స్టీల్ రాశాడు. అతని తప్పేమీ లేదు. అతని ముందు నిలబడిన మనిషికి అది సరైన సెట్టే. ఆ మనిషి మళ్ళీ ఎప్పుడూ కోర్సులో కనిపించలేదు, అంతే. ఏప్రిల్ ఎండలో పద్నాలుగో హోల్‌కి వచ్చేసరికి ఆ షాఫ్ట్ చేతిలో ఇనప గడ్డపారలా ఉండేది. బంతి కిందగా, కుడికి, పొట్టిగా పడేది. ఆరు నెలలు తిరిగేసరికి నా పాత స్వింగ్ ముప్పావు వంతు వెనక్కి వచ్చేసింది. సెట్ మాత్రం కొత్త స్వింగ్ కోసమే ఎదురుచూస్తూ ఉండిపోయింది.

టైలర్ దగ్గర పొట్ట లోపలికి లాక్కుని నిలబడి ప్యాంటు కుట్టించుకున్నట్టు అన్నమాట.

అలాగని కోచింగ్ ముందు అనేవాళ్ళ మాట తీసిపారేసేది కాదు. వాళ్ళ వాదనలో బలమైన ముక్క ఒకటుంది. మా గ్రూపులో ఒకాయనకి పెద్ద స్లైస్, అంటే బంతి బాగా కుడికి తిరిగిపోతుంది. ఫిట్టింగ్‌లో దాన్ని అణచడానికి బంతిని ఎడమకి లాగే డ్రా బయాస్ డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద క్లబ్) హెడ్, బాగా అప్‌రైట్ (నిటారు) లై ఉన్న ఐరన్లు ఇచ్చారు. మొదట్లో బంతి తిన్నగా వెళ్ళింది. తర్వాత ఆయన కోచ్ దగ్గర పాత్ (క్లబ్ బంతి మీదికి వచ్చే దారి) సరిచేసుకున్నాడు. ఇప్పుడు కొట్టిన ప్రతి బంతీ ఎడమ చెట్లలోకే. జబ్బు తగ్గినా మందు మానలేని పరిస్థితి. ఇలాంటి ప్రమాదం నిజంగానే ఉంది.

అయినా నా ఓటు ఉన్న స్వింగ్‌తో వెళ్ళడానికే. ఎందుకో చెబుతా.

ఫిట్టింగ్‌లో తేలే కొలతల్ని రెండు కుప్పలుగా పెట్టండి. తర్వాత చవగ్గా మార్చుకోగలిగేవి ఒక కుప్ప, మార్చాలంటే జేబుకి చిల్లు పడేవి ఇంకో కుప్ప. ఐరన్ల లై, లాఫ్ట్ మొదటి కుప్పలోకి వస్తాయి. ఫోర్జ్‌డ్ ఐరన్‌ని ఒకటి రెండు డిగ్రీలు వంచడం బెండింగ్ మెషిన్ ఉన్నవాళ్ళకి నిమిషాల పని. కాస్ట్ (పోత పోసిన) హెడ్లు కాస్త మొండివి, అయినా చాలావాటిలో ఒక డిగ్రీ వరకు ఇబ్బంది ఉండదు. డ్రైవర్‌కయితే ఈరోజుల్లో హోజెల్ (షాఫ్ట్, హెడ్ కలిసే చోటు) దగ్గరే తిప్పి లాఫ్ట్ మార్చుకోవచ్చు, రెంచ్ కూడా వాళ్ళే ఇస్తారు. గ్రిప్ ఎలాగూ ఏడాదికో రెండేళ్ళకో మార్చేదే. రెండో కుప్పలో ఉండేవి షాఫ్ట్ బరువు, ఫ్లెక్స్, క్లబ్ పొడవు, హెడ్ మోడల్. ఇక్కడ తప్పు జరిగితే సర్దుబాటు ఉండదు, మళ్ళీ కొనడమే.

ఇప్పుడు కోచింగ్ ఏం మారుస్తుందో చూడండి. పాత్, ఫేస్ యాంగిల్, బంతి మీదికి క్లబ్ దిగే కోణం, ఇంపాక్ట్‌లో చేతులు ఎంత ముందున్నాయి, ఎంత ఎత్తులో ఉన్నాయి. ఇవి మారితే కదిలేది లై, లాఫ్ట్. అంటే చవక కుప్ప. కోచింగ్ మార్చలేనివి మీ ఎత్తు, మణికట్టు నుంచి నేలకి ఉన్న దూరం, అరచేయి సైజు, నలభై ఏళ్ళ నడుము, పైనుంచి కిందికి దిగేటప్పుడు మీకు పుట్టుకతో వచ్చిన తొందర. పొడవుని, షాఫ్ట్ బరువుని, ఫ్లెక్స్‌ని ఎక్కువగా నిర్ణయించేవి ఇవే. ఖరీదైన కుప్పని తేల్చే లక్షణాలు మూడు నెలల క్లాసులతో పెద్దగా మారవు, మారే లక్షణాలు తేల్చేవాటిని తర్వాత వంచుకోవచ్చు. ఇంక ఆగడం దేనికి?

మా స్లైస్ పెద్దమనిషి చేసిన పొరపాటు కూడా ఇక్కడే తెలుస్తుంది. లై ఒక్కటే అయితే వంచేసుకునేవాడు. హెడ్ మోడల్‌తో జబ్బుకి మందు వేయించుకున్నాడు, అది వంగదు. అందుకే ఫిట్టర్ స్లైస్‌కి హెడ్‌తో మందు వేస్తానంటే, ముందు మామూలు హెడ్‌నే సర్దుబాటు చేసి చూపించమని అడగండి.

ఇంకో మాట. స్వింగ్ అందంగా లేదని సిగ్గుపడి వాయిదా వేసేవాళ్ళు ఎక్కువ. తీగల సాహిత్‌ని చూడండి. పీజీఏ టూర్ ఆటగాడు. తల్లిదండ్రులది హైదరాబాద్, కుర్రాడు పుట్టి పెరిగింది కాలిఫోర్నియా. అతని స్వింగ్ ఏ పాఠంలోని బొమ్మకీ అచ్చంగా సరిపోదు. 2023 సెప్టెంబర్‌లో నాపాలో ఫార్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచింది ఆ స్వింగ్‌తోనే.

అయితే నా ఓటుకి ఒక షరతు ఉంది. బంతి ఫేస్ మీద ఎక్కడ తగులుతోంది అన్నదే ఆ షరతు. అది చెదురుమదురుగా ఉంటే ఎంత గొప్ప ఫిట్టర్ అయినా చేసేదేం లేదు. మడమ (హీల్, షాఫ్ట్ దగ్గరి అంచు) వైపు తగిలిన షాటుకి ఒక అంకె, టో (అవతలి అంచు) వైపు తగిలినదానికి ఇంకో అంకె వస్తాయి. మారింది షాఫ్ట్ వల్లో, తగిలిన చోటు వల్లో తేల్చలేం. డ్రైవర్‌లో ఇది మరీ ఎక్కువ. కుడిచేతి ఆటగాళ్ళకి టోకి తగిలితే బంతి ఎడమకి తిరగడానికి చూస్తుంది, హీల్‌కి తగిలితే కుడికి.

ఫిట్టింగ్‌కి వారం ముందు రేంజ్‌లో ఈ పని చేయండి. 7 ఐరన్ ఫేస్ శుభ్రంగా తుడిచి, వైట్‌బోర్డ్ మార్కర్ పూయండి. పది బంతులు మామూలుగా కొట్టండి. ప్రతిసారీ మచ్చ ఎక్కడ పడిందో ఫోన్‌లో ఫొటో తీసి, తుడిచి, మళ్ళీ పూయండి. పదిలో ఆరో ఏడో నిమ్మకాయంత చోటులో పడితే మీరు సిద్ధం. ఆ చోటు నడిమధ్య కాకపోయినా పర్లేదు. ఎప్పుడూ టో వైపే తగులుతుంటే అది ఫిట్టర్‌కి పనికొచ్చే సమాచారం, పొడవుతోనో లైతోనో దాని సంగతి చూస్తాడు. ఫేస్ అంతా ముగ్గు పెట్టినట్టు ఉంటే మాత్రం డబ్బు జేబులోనే ఉంచి కోచ్ దగ్గరికి నడవండి. ఆడటం మొదలుపెట్టి ఏడాది కానివాళ్ళూ, కోచ్ ఇప్పుడే గ్రిప్ మార్పించినవాళ్ళూ కూడా ఆగాలి. గ్రిప్ మారితే రెండు మూడు నెలలు ఇల్లు పీకి పందిరి వేసినట్టే ఉంటుంది.

అదే రోజు ఇంకో చిన్న పరీక్ష. బంతి మీద పర్మనెంట్ మార్కర్‌తో లావుగా నిలువు గీత గీసి, అది ఫేస్ వైపు ఉండేలా పెట్టి కొట్టండి. గీత ముద్ర ఫేస్ మీద పడుతుంది. నిలువుగా పడితే లై సరిగ్గా ఉన్నట్టు, ఒక పక్కకి వాలితే లేనట్టు. ఆ ఫొటో కూడా తీసుకెళ్ళండి.

ఇవన్నీ గడ్డి మీద చేయండి, మ్యాట్ మీద కాదు. మ్యాట్ అబద్ధం చెబుతుంది. బంతికి రెండంగుళాల వెనక తగిలిన క్లబ్ గడ్డిలో అయితే నేలలో దిగబడిపోతుంది, బంతి అరవై గజాలు పోయి ఆగుతుంది. మ్యాట్ మీద అదే క్లబ్ జారి ముందుకొచ్చి బంతిని తాకుతుంది, తెర మీద అంకె బాగానే కనిపిస్తుంది. మీరు ఫ్యాట్ కొట్టే మనిషన్న సంగతి ఫిట్టర్‌కి తెలియనే తెలియదు. లాంచ్ మానిటర్ల (బంతి వేగం, దూరం కొలిచే మెషిన్ల) మీద మనవాళ్ళు గంటలు గంటలు వాదించుకుంటారు. రాడార్‌తో నడిచే ట్రాక్‌మ్యాన్ బయట బంతి ప్రయాణాన్ని వెంటాడి చూస్తుంది, గదిలో అయితే కాస్త దూరం చూసి మిగతాది లెక్కకడుతుంది. కెమెరాలతో నడిచే జీసీక్వాడ్ తగిలిన క్షణాన్నే పట్టుకుంటుంది. రెండూ మంచివే. నా దృష్టిలో మెషిన్ కంటే బంతి కింద ఏముందన్నదే ముఖ్యం. డ్రైవర్‌కి ఇండోర్ చాలు, బంతి ఎలాగూ టీ మీదే ఉంటుంది. ఐరన్లకి కుదిరితే గడ్డి ఉన్న చోటు వెతుక్కోండి. వెడ్జ్ (దగ్గరి షాట్ల క్లబ్) బౌన్స్, అంటే దాని అడుగు నేలలో దిగబడకుండా ఆపే వాలు, మాత్రం మ్యాట్ మీద తేల్చుకోవద్దు. గదిలోనే చేయించుకుంటే, సాఫ్ట్‌వేర్‌లో ఎత్తు, ఉష్ణోగ్రత ఎంత పెట్టారో అడగండి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది, అంకెలు ఆ మేరకు మారతాయి.

ఇక ఆ రోజు సంగతి. ముందురోజు పద్దెనిమిది హోల్స్ ఆడి ఒళ్ళు హూనం చేసుకోవద్దు. అలాగని వారమంతా బ్యాగ్ ముట్టకుండానూ వెళ్ళొద్దు. మీ పాత 7 ఐరన్, డ్రైవర్ తప్పకుండా పట్టుకెళ్ళండి. వాటి అంకెలు ముందు రాయించండి, కొత్తవి గెలవాల్సింది వాటి మీదే. మీరు ఆడే బంతి నాలుగైదు, మీ గ్లోవ్, మీ బూట్లు. క్యారీ ఎంతో నిజం చెప్పండి, దొర్లిన దూరం కలపకుండా. మామూలుగా ఎటు పోతుందో చెప్పండి. హ్యాండికాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మెరుగు) 18 అయితే 18 అనే చెప్పండి, అక్కడ పెళ్ళిసంబంధం ఏమీ మాట్లాడటం లేదు.

వేగం అంకె కనిపించకుండా తెర తిప్పేయమని అడిగితే చాలామంది ఫిట్టర్లు తిప్పుతారు. నా రెండో ఫిట్టింగ్‌లో నేను చేసిన అతి మంచి పని అదే. ఇంకోటి, చెడ్డ షాట్లని చెరిపేయొద్దని చెప్పడం. ఒక్క అద్భుతమైన షాటుని పట్టుకుని షాఫ్ట్ ఎంచుకోవడం కాదు, పది షాట్లు ఎంత దగ్గరగా పడ్డాయో చూడాలి. ఐరన్ అయితే ఎంత దూరం పోయిందన్నదాంతో పాటు ఎంత నిటారుగా దిగిందో కూడా చూడండి. ఇప్పటి 7 ఐరన్లు కొన్ని 28, 29 డిగ్రీల లాఫ్ట్‌తో వస్తున్నాయి, పాతకాలం 6 ఐరన్ కంటే కూడా తక్కువ. దూరం పెరిగిందని సంబరపడితే గ్రీన్ మీద పడి వెనక బంకర్‌లోకి దొర్లిపోతుంది. అరవై డెబ్బై బంతులు దాటాక చేయి బరువెక్కుతుంది. నాకయితే అప్పుడు కొట్టినవే నిజమైన అంకెలు. నా షాఫ్ట్ తేలింది చివరి పదిహేను షాట్లలోనే.

మిగతా దారుల గురించి రెండేసి మాటలు. ఆన్‌లైన్‌లో ఎత్తు, మణికట్టు కొలత ఇచ్చి తెప్పించుకోవడం: మొదటి సెట్‌కి ఫర్వాలేదు. క్లబ్బుల కంపెనీ పింగ్ వాళ్ళ రంగు చుక్కల పద్ధతి (చుక్క రంగుని బట్టి లై) మొదలయ్యేది ఆ రెండు కొలతలతోనే, నల్ల చుక్క అంటే స్టాండర్డ్ లై. షాపులో ఉన్నది ఉన్నట్టు కొనడం: మీరు సగటు ఎత్తు, సగటు వేగం మనిషైతే అదృష్టం. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు చేయించుకోవడం: చోట్లు బోలెడు, సరుకు బోలెడు, కానీ దిగిన రెండో రోజే వెళ్ళొద్దు. జెట్‌లాగ్‌లో మా బావమరిది ఫ్రిస్కోలో కొట్టిన అంకెలకి ఆయనకి సీనియర్ ఫ్లెక్స్ (పెద్దవయసు వాళ్ళకిచ్చే మెత్తని షాఫ్ట్) రాశారు. మనిషికి నలభై రెండేళ్ళు. సెకండ్ హ్యాండ్ కొని వంచుకోవడం: షాఫ్ట్ బరువు కుదిరితే సరే.

నా రెండో సెట్ వచ్చి ఐదు వారాలైంది. రెగ్యులర్ ఫ్లెక్స్, 95 గ్రాముల స్టీల్, ఒక డిగ్రీ అప్‌రైట్. 7 ఐరన్ 142 వెళ్తోంది, పద్నాలుగో హోల్‌లో కూడా. కోచ్ దగ్గరికి ఇప్పుడు మళ్ళీ వెళ్తున్నాను, డిసెంబర్‌లో లై ఒకసారి చూపించుకోవాలి. పాత స్టిఫ్ సెట్ మా బావమరిది కొడుకు పట్టుకుపోయాడు. వాడికి ఇరవై రెండేళ్ళు, కొలతలు తీయకుండానే అతికినట్టు సరిపోయింది.