భారత్-పాక్ అణు హాట్‌లైన్, సమాచార మార్పిడి సేవ: తేదీ రాసి ఉన్న పని నడుస్తోంది, లేనిది ఆగిపోతోంది

అణ్వాయుధాలున్న రెండు శత్రుదేశాలు మాటలు బంద్ అయిన రోజుల్లోనూ ఒకరికొకరు కబురు చేరవేసుకోవాలి. దానికి భారత్, పాకిస్థాన్‌ల మధ్య ఉన్న ఏర్పాట్లలో ముఖ్యమైనవి నాలుగు: అణు కేంద్రాల జాబితా, క్షిపణి పరీక్షల ముందస్తు సమాచారం, అణు ప్రమాదాల కబురు, అత్యవసరంలో నేరుగా మాట్లాడుకునే ఫోన్ లైన్లయిన హాట్‌లైన్లు. కోట్లమంది ప్రాణాలతో ముడిపడిన సేవ ఇది. కాబట్టి ఒప్పందం మీద సంతకాలు ఎవరు పెట్టారన్నది కాదు, అవసరం పడ్డ రోజు అది పనిచేసిందా లేదా అన్నదే చూడాలి.

అన్నిటిలోకీ నమ్మకంగా నడుస్తున్నది జాబితా. 1988 డిసెంబర్ 31న ఇస్లామాబాద్‌లో ఒప్పందం కుదిరింది, 1991 జనవరి 27న అమల్లోకి వచ్చింది, 1992 జనవరి 1 నుంచి ఏటా అదే తేదీన ఢిల్లీలోనూ ఇస్లామాబాద్‌లోనూ ఒకేసారి కాగితాలు చేతులు మారుతున్నాయి. రియాక్టర్లు, ఇంధన తయారీ, యురేనియం శుద్ధి, రీప్రాసెసింగ్ కేంద్రాలు, రేడియోధార్మిక పదార్థం పెద్ద మొత్తంలో నిల్వ ఉన్న చోట్లు, ఒక్కోదానికీ అక్షాంశ రేఖాంశాలు. వీటిపై దాడి చేయబోమన్నది హామీ. పార్లమెంటుపై దాడి తర్వాత సరిహద్దుకు ఇరువైపులా సైన్యాలు మోహరించి ఉన్న 2002 జనవరి 1న కూడా ఇది ఆగలేదు. 2025 నాటికి వరుసగా 34 సార్లు జరిగింది. లోటల్లా ఒకటే: అవతలివాళ్లు రాసిచ్చింది నిజమో కాదో, అన్నీ రాశారో లేదో తేల్చే తనిఖీ ఏదీ ఒప్పందంలో లేదు. అయినా ఎవరినీ అడగక్కర్లేకుండా, ఎవరి అనుమతికీ ఆగకుండా నడిచే సేవగా దీనికి మంచి మార్కులే పడతాయి.

2005 అక్టోబర్ 3 నాటి క్షిపణి ఒప్పందం కూడా కాగితం మీద పకడ్బందీగానే ఉంది. పరీక్షకు ఐదు రోజుల గడువు ప్రకటించాలి, అది మొదలవడానికి కనీసం మూడు రోజుల ముందు అవతలి దేశానికి చెప్పాలి. ప్రయోగ స్థలం సరిహద్దుకు, నియంత్రణ రేఖకు 40 కిలోమీటర్ల లోపు ఉండకూడదు, క్షిపణి పడే చోటు 75 కిలోమీటర్ల లోపు ఉండకూడదు. విమానాలకు, ఓడలకు హెచ్చరికలు విడిగా జారీ చేయాలి. కానీ ఇదంతా నేల నుంచి గానీ సముద్రం నుంచి గానీ నేలపై లక్ష్యాలకు వదిలే బాలిస్టిక్ క్షిపణులకే, అంటే రాకెట్‌లా పైకి లేచి వంపు తిరిగి పడేవాటికే. భారత్ బ్రహ్మోస్, పాక్ బాబర్ లాంటి, విమానంలా ఎగురుతూ వెళ్లే క్రూయిజ్ క్షిపణులు దీని కిందకి రావు. సమాచారం వెళ్లే దారి విదేశాంగ శాఖ, హైకమిషన్. 2019 ఆగస్టు నుంచి రెండు చోట్లా హైకమిషనర్ లేరు. పహల్గాం దాడి తర్వాత ఒక్కో హైకమిషన్ సిబ్బందిని 55 నుంచి 30కి కుదించాలని భారత్ నిర్ణయించింది. దారి మూసుకుపోలేదు గానీ బాగా ఇరుకైంది.

సేవ చేతులెత్తేసింది 2022 మార్చి 9న. భారత్ నుంచి ఒక క్షిపణి పొరపాటున దూసుకెళ్లి, పాకిస్థాన్‌లోని మియాన్ చన్ను దగ్గర పడింది. అందులో వార్‌హెడ్ (పేలుడు పదార్థం ఉండే భాగం) లేదు, ఎవరూ చనిపోలేదు. మొత్తం ప్రయాణం సుమారు ఏడు నిమిషాలు. మర్నాడు పాక్ సైన్యం ఈ సంగతి బయటపెట్టింది, సాధారణ నిర్వహణ పనుల్లో సాంకేతిక లోపమే కారణమంటూ భారత్ అధికారిక ప్రకటన 11న వచ్చింది. ఇప్పుడు ఒప్పందాల్లో వెతకండి. 2005ది వర్తించదు, ఎందుకంటే ఇది పరీక్ష కాదు, బాలిస్టిక్ కాదు. ప్రమాదాల కబురు కోసం 2007 ఫిబ్రవరి 21న కుదిరిన ఒప్పందం అణ్వాయుధాల ప్రమాదాలకే పరిమితం, కాబట్టి అదీ వర్తించదు. అణ్వస్త్ర దేశం మీదకి ధ్వనిని మించిన వేగంతో ఆయుధం వెళ్తే వెంటనే ఫోన్ చేసి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. తర్వాతి విచారణలో నిర్దేశిత పద్ధతి తప్పారని తేలడంతో ముగ్గురు వైమానిక దళ అధికారులను ఆ ఆగస్టులో ఉద్యోగం నుంచి తొలగించారు. మనుషులపై చర్య తీసుకోవడం సరే, ఒప్పందంలో ఖాళీ మాత్రం అలాగే ఉంది.

హాట్‌లైన్ల విషయానికొస్తే, సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్ల (డీజీఎంఓల) మధ్య ఉన్నదే నిజంగా వాడుకలో ఉన్న లైను. ప్రతి మంగళవారం దాని మీద అధికారులు మాట్లాడుకునే ఆనవాయితీ ఏర్పడింది. లైను బతికి ఉండటానికి ఆ వారపు అలవాటే కారణం. 2025 మే 10 మధ్యాహ్నం 3.35కి పాక్ డీజీఎంఓ ఫోన్ చేశారు, సాయంత్రం 5 గంటల నుంచి కాల్పులు ఆపాలని అనుకున్నారు. ఆ రాత్రే ఉల్లంఘనలు జరిగాయని విదేశాంగ కార్యదర్శి విక్రం మిస్రీ చెప్పాల్సి వచ్చింది. గంటన్నర లోపు ఆదేశం ముందు వరుసలోని ప్రతి పోస్టుకూ, ప్రతి డ్రోన్ నడిపేవాడికీ చేరి తీరాలి. అది ఎంత కష్టమో అక్కడ తేలింది.

విదేశాంగ కార్యదర్శుల మధ్య అణు విషయాలకే ప్రత్యేకంగా సురక్షితమైన లైను పెట్టాలని 2004 జూన్‌లో నిర్ణయించారు. ఇది ఎందుకు కావాలో 2008 నవంబర్ చివర్లో తెలిసొచ్చింది. ముంబయి దాడులు జరుగుతుండగా అప్పటి భారత విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ పేరుతో ఎవరో పాక్ అధ్యక్షుడు జర్దారీకి ఫోన్ చేసి బెదిరించినట్లు మాట్లాడారని వార్త వచ్చింది. తాను చేయలేదని ప్రణబ్ ఖండించారు. మామూలు ఫోన్ మీద గొంతును నమ్మితే జరిగేది ఇదే. 1963లో అమెరికా, సోవియట్ యూనియన్ తమ లైనును టెలిఫోన్‌గా కాక టెలిప్రింటర్‌గా పెట్టుకోవడం వెనక ఇలాంటి జాగ్రత్తే ఉంది. రాతలో స్వరం ఉండదు, అనువాదానికి సమయం దొరుకుతుంది, కాగితం మిగులుతుంది. లైను పనిచేస్తోందో లేదో గంట గంటకూ పరీక్ష సందేశాలు పంపి చూసుకునేవారు.

మన సేవలో మార్చాల్సింది కొత్త శిఖరాగ్ర భేటీ దాకా ఆగక్కర్లేనిది. 2005 ఒప్పందంలో క్రూయిజ్ క్షిపణులను చేర్చాలి. 2007 ఒప్పందంలో 'అణ్వాయుధ ప్రమాదం' అన్న చోట సరిహద్దు దాటిన ఏ ఆయుధమైనా అని రాసి, కబురందించే గడువు నిమిషాల్లో పెట్టాలి. డీజీఎంఓ లైను పక్కనే రాతపూర్వక లైను ఒకటి, రాత్రీ పగలూ మనిషి ఉండేలా నడపాలి. 1999లో లాహోర్‌లో రెండు దేశాలూ రాసుకున్న పత్రంలో ఒప్పుకున్న క్షిపణి సమాచారం ఒప్పందంగా మారడానికి ఆరేళ్లు, ప్రమాదాల కబురుకు ఎనిమిదేళ్లు పట్టాయి. మియాన్ చన్ను ఘటన 2022లో జరిగింది.