పిట్టల ఫీడర్‌తో తగువు లేదు, దానితో వచ్చిన కడ్డీతోనే

పెరట్లో పిట్టలకు గింజలు పెట్టే గొట్టపు ఫీడర్‌ను, దానితో కలిపి అమ్మే ఇనుప కడ్డీని, ఉడుతలు ఎక్కకుండా కడ్డీకి తొడిగే గంట ఆకారపు రేకును కిందటి డిసెంబరులో కొని, నాలుగు నెలలు వాడిన మీదట ఇది రాస్తున్నాను. మేముండేది న్యూజెర్సీలో, ఇళ్ల వెనకే చెట్లు దట్టంగా ఉన్న కాలనీ కనుక, పిట్టలు ఎన్ని వస్తున్నాయన్న దానితో పాటు ఇక్కడి నిబంధనల సంగతి కూడా చూడవలసి వచ్చింది.

ఫీడర్ మంచిది. ఏడు పౌన్ల పొద్దుతిరుగుడు గింజలు పడతాయి, అడుగు మూత ఒక్క తిప్పుకు ఊడి వస్తుంది. 1994లో వాషింగ్టన్ పరిసరాల్లో బయటపడిన, హౌస్ ఫించ్ పిట్టల కళ్లు వాచి మూసుకుపోయే జబ్బు ఫీడర్ల దగ్గర సులువుగా అంటుకుంటుంది కనుక, రెండు వారాలకొకసారి ఒక పాలు బ్లీచ్‌కు తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి కడిగి ఆరబెట్టాలి. లోపలికి చెయ్యి పోని ఫీడర్‌ను ఎవరూ అంత శ్రద్ధగా కడగరు. రేకూ నమ్మకమైనదే. ఉడుత సగం దూరం ఎక్కి, తల రేకుకు తగిలి, కాసేపు కడ్డీని కరుచుకుని ఉండి దిగిపోవడం వంటింటి కిటికీలోంచి రోజూ చూశాను.

తగువంతా కడ్డీ ఎత్తుతోనే. నేలలో పాతాక ఫీడర్ ఏడడుగుల ఎత్తున నిలుస్తుంది. ఈ రాష్ట్రంలోని 21 కౌంటీల్లోనూ నల్ల ఎలుగుబంట్లు కనిపించాయి. వాటికి తిండి పెట్టడం చట్టరీత్యా నేరం, ఒక్కో తప్పుకు 1,000 డాలర్ల వరకు జరిమానా ఉంది. పిట్టల ఫీడర్ మీద నిషేధం లేదు గాని, ఎలుగులు తిరిగే చోట చలికాలంలోనే వాడాలని, నేలకు కనీసం పదడుగుల ఎత్తున తీగకు వేలాడదీయాలని, రాత్రికి ఇంట్లో పెట్టాలని, రాలిన గింజలను ఏ రోజుకారోజు ఊడ్చాలని రాష్ట్ర వన్యప్రాణి విభాగం సూచిస్తుంది. ఈ గొట్టం నిండా ఉండేవి సుమారు 12,000 క్యాలరీలు, ఎలుగుకు అంత సులువైన భోజనం అడవిలో దొరకదు. అట్టపెట్టె మీద పిట్టల బొమ్మలు ముచ్చటగా వేశారే తప్ప ఈ ముక్క ఒక్కటీ రాయలేదు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం చూస్తే మంచు మీద కడ్డీ చుట్టూ పొట్టు, ఆ పొట్టు మీద జింక గిట్టల గుర్తులు. రాలే గింజలను పట్టే పళ్లెం విడిగా కొనుక్కోవాలట! చలికాలమంతా పుల్లలు, మొగ్గలు అరిగించుకునే జింక ఒక్కసారిగా ధాన్యం మేస్తే కడుపులో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. జింకలు గుంపుగా ఒకే చోట మూతి పెడితే జబ్బులు పాకుతాయని న్యూయార్క్, కొలరాడో రాష్ట్రాలు వాటికి మేత పెట్టడాన్నే నిషేధించాయి.

పొడవైన కడ్డీ ఉందా అని అడిగితే, స్థానిక నిబంధనలు చూసుకోమని అమ్మినవారు జవాబిచ్చారు. చూశాను. పక్షులకూ జంతువులకూ మేత పెట్టడం గురించి మా టౌన్‌షిప్ (ఊరి పాలక సంస్థ) చేసిన ఆర్డినెన్స్, అంటే స్థానిక చట్టం, పార్కులకూ, టౌన్‌షిప్ స్థలాలకూ మాత్రమే వర్తిస్తుంది. దాని బెంగ ఎలుగుల గురించి కాదు, బాతుల రెట్ట వాననీటి కాలువల్లోంచి చెరువుల్లో కలవడం గురించి.

చివరికి కడ్డీని గ్యారేజీలో పడేసి, రెండు చెట్ల మధ్య తీగ కట్టి, కప్పీతో ఫీడర్‌ను పొద్దున ఎక్కించి సాయంత్రం దించుతూ వచ్చాను. రేటింగ్‌గా ఫీడర్‌కు నేనిచ్చేది నాలుగు చుక్కలు, కడ్డీతో కలిపి కొంటే రెండున్నర. ఏప్రిల్ రాగానే కడిగి అటక మీద పెట్టేశాను.