మూడేళ్లుగా కేబుల్ లేకుండా బేస్: ఎక్స్‌వైవ్ యూ2తో నా అనుభవం

మా ఆర్కెస్ట్రాలో నేను అయిదు తీగల యాక్టివ్ బేస్ గిటార్ వాయిస్తాను, అంటే లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది. పెళ్లి రిసెప్షన్లు, వినాయక చవితి పందిళ్లు, చర్చి కన్వెన్షన్లు, డిసెంబరు వచ్చిందంటే రోజు విడిచి రోజు క్రిస్మస్ కార్యక్రమాలు. ఎక్కువగా విజయవాడ చుట్టుపక్కలే, అప్పుడప్పుడు ఏలూరు, ఖమ్మం దాకా. ఎక్స్‌వైవ్ యూ2 అనే చిన్న వైర్‌లెస్ సెట్టు కొని మూడేళ్లు దాటింది. కేబుల్ బదులు బేస్ జాక్‌లో ట్రాన్స్‌మిటర్ అనే చిన్న ముక్క, యాంప్ దగ్గర రిసీవర్ అనే ఇంకో ముక్క, అంతే. తక్కువలో బేస్‌కి ఏ వైర్‌లెస్ తీసుకోవాలని కొత్తగా వాయిస్తున్న కుర్రాళ్లు అడుగుతూనే ఉన్నారు. వాళ్లకు ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

నేను కొన్న మొదటి సెట్టు ఇది కాదు. అంతకుముందు చవగ్గా దొరికిందని ఒకటి తెప్పించుకున్నాను. ఒక కల్యాణ మండపంలో మధ్యాహ్నం సౌండ్ చెక్ చేశాం. హాలు ఖాళీ. వాయిస్తూ స్టేజి దిగి, కుర్చీల మధ్య నుంచి భోజనాల గది గుమ్మం దాకా నడిచాను, ఒక్క స్వరం తెగలేదు. రాత్రి ఎనిమిదిన్నరకు హాలు నిండింది. ఎల్ఈడీ గోడ వెలిగింది, ఎవరి చేతిలో చూసినా ఫోనే. మూడో పాట రెండో చరణంలో బేస్ పోయింది. వచ్చింది. మళ్లీ పోయింది. బేస్ ఆగితే ఏం ఆగిందో జనానికి చెప్పడం రాదు కానీ, పాట కింద నేల కుంగినట్టు ఉంటుంది. డ్రమ్మర్ తల తిప్పి నావైపు చూశాడు. పాడుతున్న అమ్మాయి ఆ లైను చివర తాళం కోసం తడుముకుంది. చరణం అయ్యేలోపు కేబుల్ తగిలించాను గానీ, ఆ అమ్మాయి ముఖం చాలా రోజులు గుర్తుంది.

తర్వాత కూర్చుని కారణం వెతికాను. తక్కువ ధర సెట్లలో చాలావరకు లైసెన్సు అక్కర్లేని 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. వైఫై, బ్లూటూత్ ఉండేదీ అక్కడే. పైగా ఆ తరంగాన్ని నీళ్లు మింగేస్తాయి, మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే. బేస్ తుంటి దగ్గర వేలాడుతుంది, ట్రాన్స్‌మిటర్ దాని కింది అంచున ఉంటుంది. మనం జనం వైపు తిరిగి నిలబడతాం, రిసీవరేమో వెనక యాంప్‌కి గుచ్చి నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. రెండింటి మధ్య అడ్డం మన ఒళ్లే. ఖాళీ హాలులో గోడలకు తగిలి తిరిగొచ్చే సిగ్నల్ కొంత కాపాడుతుంది. జనం నిండాక అదీ తగ్గిపోతుంది. మధ్యాహ్నం గుమ్మం దాకా నడిచి నేను చేసిన పరీక్ష అందుకే ఎందుకూ పనికిరాలేదు.

యూ2 కొన్నాక మొదట చేసిన పని రిసీవర్ చోటు మార్చడం. ఒకవైపు ఫీమేల్ జాక్ ఉన్న మూడడుగుల ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని, రిసీవర్‌ని మైక్ స్టాండుకు ఛాతీ ఎత్తున వెల్‌క్రో పట్టీతో కట్టాను. స్టాండుని నా వెనక పెట్టను, జాక్ ఉన్న వైపు, పక్కగా పెడతాను. ఎల్ఈడీ గోడకూ వైఫై రౌటర్‌కూ వీలైనంత ఎడంగా ఉంచుతాను. కంపెనీ చెప్పే దూరం 70 అడుగులు, అదీ మధ్యలో అడ్డం లేకపోతే. మా స్టేజీలు 40 అడుగుల వెడల్పు దాటేది అరుదు. కాబట్టి ఎన్ని అడుగులనే అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. ట్రాన్స్‌మిటర్, రిసీవర్ ఒకదానికొకటి కనబడుతున్నాయా లేదా, అదే చూడండి. ఇలా కట్టడం మొదలుపెట్టాక నిండు పందిట్లో కూడా ధైర్యంగా వాయిస్తున్నాను.

శబ్దం సంగతి. అయిదో తీగ, అంటే లో బీ, దాదాపు 31 హెర్ట్జ్. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ, అంటే ‘ఈ’ (E) స్వరం, 41 హెర్ట్జ్. గిటార్ కోసం చేసినది బేస్‌కి సరిపోతుందా అనే అనుమానం ఇక్కడే వస్తుంది. యూ2 20 హెర్ట్జ్ నుంచి పడుతుంది. మా సౌండ్ ఆపరేటర్‌ని మిక్సర్ దగ్గర కూర్చోబెట్టి, ఒకసారి కేబుల్‌తో, ఒకసారి ఇది పెట్టి, ఏది ఏదో చెప్పకుండా లో బీ వాయించాను. తేడా పట్టుకోలేకపోయాడు. ఆయన చెవి మీద నాకు నమ్మకం ఎక్కువ.

పాసివ్ బేస్, అంటే లోపల బ్యాటరీ లేనిది, వాయించేవాళ్లకు మాత్రం తేడా తెలుస్తుంది. పొడవాటి కేబుల్ సన్నటి, పదునైన శబ్దాన్ని కొంత తినేస్తుంది, అది లేకపోయేసరికి వేళ్ల రాపిడి, ఫ్రెట్ల చప్పుడు ముందుకొస్తాయి. నా పాత నాలుగు తీగల బేస్‌తో వాయించేటప్పుడు టోన్ నాబ్ కాస్త తగ్గిస్తాను, అంతే.

తీగ మీటాక శబ్దం యాంప్‌లో వినబడే లోపు పట్టే ఆలస్యం గురించి చాలామంది భయపడతారు. దీని లెక్క 6 మిల్లీసెకన్ల లోపు. గాలిలో శబ్దం అంతసేపట్లో రెండు మీటర్లు పోతుంది. అంటే యాంప్ నుంచి రెండు మీటర్లు వెనక్కి జరిగి నిలబడ్డట్టు. నా చేతికి తెలియలేదు. అయితే డిజిటల్ ప్రాసెసర్, డిజిటల్ మిక్సర్, చెవిలో వైర్‌లెస్ మానిటర్ అన్నీ వరసగా ఉంటే ఒక్కోదాని ఆలస్యం కలుస్తూ పోతుంది. అలాంటి ఏర్పాటు ఉన్నవాళ్లు ముందే కలిపి వాయించి చూసుకోవాలి.

ఇక బ్యాటరీ. దీంతో మూడేళ్లుగా నేను కుస్తీ పడుతున్నది ఇక్కడే. చెప్పిన లెక్కే 5 గంటలు. మా కార్యక్రమం ఏడింటికి మొదలై పన్నెండు దాటుతుంది, దానికి ముందు సౌండ్ చెక్ ఉంటుంది. అందుకని సౌండ్ చెక్ కేబుల్‌తో చేసి, ఆఖరి పది నిమిషాలే వైర్‌లెస్ పెడతాను. ఉపన్యాసాలు, దండలు, ఫొటోలు నడుస్తున్నంతసేపు రెండూ ఆపేస్తాను. భోజనం విరామంలో రెండింటినీ పవర్ బ్యాంకుకు తగిలించాకే విస్తరి ముందు కూర్చుంటాను. రాత్రంతా సాగే కన్వెన్షన్లే మీకు ఎక్కువైతే ఇది తీసుకోకండి. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే బాస్ (Boss) కంపెనీ వైర్‌లెస్ సెట్టు డబ్ల్యూఎల్-20ఎల్ చూడండి. ట్రాన్స్‌మిటర్ 12 గంటలు, రిసీవర్ 10 గంటలు అని వాళ్ల లెక్క, ఆలస్యం 2.3 మిల్లీసెకన్లే. కేబుల్ శబ్దాన్ని అనుకరించే ఏర్పాటు అందులో ఉండదు కాబట్టి యాక్టివ్ బేస్‌కి అదే సరైన రకం. న్యూక్స్ కంపెనీ సెట్టు బీ-5ఆర్‌సీకి ఛార్జింగ్ డబ్బా కూడా వస్తుంది, ఊళ్లు తిరిగేవాళ్లకు అది సుఖం.

యాక్టివ్ బేస్ వాళ్లు మరచిపోయేది ఇంకోటి ఉంది. జాక్‌లో ఏదైనా గుచ్చి ఉన్నంతసేపు బేస్ లోపలి 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. కేబుల్ అయితే వాయించడం అయిపోగానే ఎలాగూ పీకుతాం. ఈ చిన్న ముక్క అలాగే ఉండిపోతుంది, రెండోరోజు బేస్ బొంగురుపోతుంది. కొన్ని సెట్లు యాక్టివ్ సర్క్యూట్‌కి మరీ దగ్గరగా ఉంటే సన్నగా ఈల కూడా వేస్తాయి. అలాంటప్పుడు అరడుగు కేబుల్‌తో ట్రాన్స్‌మిటర్‌ని స్ట్రాప్ మీదికి మార్చితే పోతుంది. స్ట్రాప్ మీద ఉంటే జాక్ మీద బరువూ పడదు.

యూ2లో ఛానళ్లు నాలుగే. మా గిటారిస్టు కూడా ఇదే కొన్నాక అతను ఒకటి, నేను నాలుగు అని ఖాయం చేసుకున్నాం. గాయకుల చేతి మైకులు యూహెచ్ఎఫ్ అనే వేరే రేడియో తరంగాల మీద నడుస్తాయి కాబట్టి వాటితో గొడవ లేదు. చవక యూహెచ్ఎఫ్ గిటార్ సెట్లు మాత్రం బేస్‌కి నాకు నచ్చలేదు. సిగ్నల్‌ని నొక్కి పంపి అవతల విప్పుతాయి కాబట్టి గట్టిగా మీటినప్పుడు దెబ్బ మెత్తబడుతుంది.

కొనేముందు మీ బేస్‌ని కొట్టుకు తీసుకెళ్లండి. రిసీవర్‌కి వీపు పెట్టి నిలబడి, ట్రాన్స్‌మిటర్ చుట్టూ అరచెయ్యి మూసి, అన్నిటికన్నా లావు తీగని ఒక్కసారి మీటి వదిలేయండి. వేలు పెట్టకండి. ఆ మోత తగ్గుతూ తగ్గుతూ పోతున్నప్పుడు చివర్లో గరగర ఉందా, ఉన్నట్టుండి తెగిందా వినండి. చివరిదాకా శుభ్రంగా ఉంటే డబ్బు కట్టండి.