‘సజెస్ట్’ మాటతో డిక్షనరీల పరీక్ష: బరంపురం, పర్లాకిమిడి పిల్లలకు ఏది కొనాలి?

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పోటీ పరీక్షలో ఇంగ్లీషు. ఒడిశాలో బరంపురం నుంచి గుణుపురం, రాయగడ దాకా చాలా తెలుగు ఇళ్లలో పిల్లల చదువు ఇలాగే సాగుతుంది. వాళ్లకు ఏ డిక్షనరీ కొనాలో తేల్చుకోవడానికి ఒక్క మాట చాలు: సజెస్ట్. దుకాణంలో నిలబడే ఆ పేజీ తీసి చూడండి. ‘సూచించు, సలహా ఇచ్చు’ అని రాసి ఊరుకున్న పుస్తకమైతే మళ్లీ అరలో పెట్టేయండి.

ఈ మాటకు అర్థం తెలియక తప్పు చేసేవాళ్లు తక్కువ. తప్పంతా దాని తరవాత ఏం రావాలన్న దగ్గరే. ‘నన్ను వెళ్లమని సూచించాడు’ అని తెలుగులో అంటాం. ‘మొతే జిబాకు పరామర్శ దెలె’ అని ఒడియాలో అంటారు. రెండూ ఒకే వైపు తోస్తాయి, పిల్లలు ‘హి సజెస్టెడ్ మీ టు గో’ అని రాసేస్తారు. అడ్వైజ్‌కి ఆ వరస చెల్లుతుంది, సజెస్ట్‌కి చెల్లదు. ‘హి సజెస్టెడ్ గోయింగ్’ అనాలి, లేదా ‘హి సజెస్టెడ్ దట్ ఐ గో’ అనాలి. మొదటిదాంట్లో చెప్పినవాడు కూడా వెంట రావచ్చు, రెండోదాంట్లో వెళ్లేది నేనే. ‘సజెస్ట్ మీ ఎ గుడ్ బుక్’ కూడా ఇలాంటి తప్పే. ‘సజెస్ట్ ఎ గుడ్ బుక్ టు మీ’ అనాలి, అసలు ‘టు మీ’ తీసేసినా వాక్యం చక్కగా నిలుస్తుంది.

జేబులో పట్టే ఇంగ్లీషు–తెలుగు డిక్షనరీల్లో ఇదంతా ఉండదు. రెండు మూడు తెలుగు మాటలు కామాలతో పేర్చి ఉంటాయి, ఏది ఎక్కడ వాడాలో చెప్పే వాక్యం ఒక్కటీ ఉండదు. చదివి అర్థం చేసుకోవడానికి పనికొస్తాయి, రాయడానికి పనికిరావు. పైగా ఇక్కడ తెలుగు గలగలా మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు లిపి రాదు. వాళ్లకు ఆ పుస్తకంలో సగం మూసి ఉన్నట్టే.

ఈ పరీక్షలో బాగా నెగ్గింది లాంగ్‌మన్ డిక్షనరీ ఆఫ్ కాంటెంపరరీ ఇంగ్లిష్. 1978లో మొదటిసారి వచ్చింది, ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. సజెస్ట్ దగ్గర వ్యాకరణానికి విడిగా పెట్టె కట్టి, ఏ వరస రాయాలో, ఏది రాయకూడదో తేల్చి చెబుతుంది. రాయకూడనిది చెప్పడమే మన పిల్లలకు అన్నిటికంటే అవసరం. వివరణలన్నీ సుమారు రెండు వేల తేలిక మాటల్లోనే రాస్తారు కాబట్టి ఒడియా మీడియం పిల్లలకూ అందుతాయి.

ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లర్నర్స్ కూడా గట్టిదే. 1948లో ఆక్స్‌ఫర్డ్ దీన్ని ప్రచురించిన నాటి నుంచీ, క్రియ తరవాత ఏం రావాలో చూపడం దీని ప్రత్యేకత. దీన్ని కూర్చిన హార్న్‌బీ పట్టుదల అదే. వెబ్‌లో మాట నొక్కితే ఉచ్చారణ వినొచ్చు: బ్రిటన్‌లో ‘సజెస్ట్’, అమెరికాలో ఎక్కువగా ‘సగ్‌జెస్ట్’. రెండూ సరైనవే, పిల్లల్ని సరిదిద్దకండి.

ఇక ఫోన్‌లోని అనువాద యాప్‌లు. బరంపురం ఎంకేసీజీ ఆస్పత్రికి ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవాళ్లు కూడా స్కాన్ రిపోర్టు ఫొటో తీసి తెలుగులోకి మార్చి చదువుతుంటారు. అక్కడ ఈ మాటతో నిజంగానే ప్రమాదం ఉంది. ‘ఫైండింగ్స్ సజెస్టివ్ ఆఫ్ ట్యుబర్‌క్యులోసిస్’ అంటే క్షయలా కనబడుతోందని మాత్రమే, క్షయ అని తేలినట్టు కాదు. అదే కాగితం కింద ‘సజెస్టెడ్: సీటీ స్కాన్’ అని ఉంటే అది సలహా, చేయించుకోమని. యాప్ రెండుచోట్లా ‘సూచించు’ అనే తిప్పితే అనుమానమేదో, చేయాల్సిన పనేదో ఇంటివాళ్లకు తెలియదు. అలాంటి రిపోర్టు చేతికొస్తే యాప్ మాట నమ్మి కంగారుపడకండి, డాక్టరుకే చూపించండి.

ఈ రెండు అర్థాలకూ వ్యాకరణం కూడా వేరు. ‘ద డాక్టర్ సజెస్టెడ్ దట్ హి టేక్ రెస్ట్’ అన్నప్పుడు టేక్ చివర ఎస్ చేరదు, గతంలో చెప్పిన మాటే అయినా టుక్ కాదు. బ్రిటిష్ వాళ్లయితే ‘షుడ్ టేక్’ అని కూడా అంటారు. అనుమానం తెలిపేచోట మామూలు కాలాలే తిరిగొస్తాయి: ‘ద ఎక్స్‌రే సజెస్ట్స్ దట్ ద బోన్ ఈజ్ క్రాక్డ్’. ఇక్కడ ఈజ్ బదులు బి పెడితే, ఎముక పగలాలని ఎక్స్‌రే సలహా ఇచ్చినట్టవుతుంది. ఈ తేడా ఎత్తి చూపే డిక్షనరీకి ఎంత డబ్బు పెట్టినా తప్పులేదు.

తెలుగు వైపు నుంచి వెతకాలంటే ఆంధ్రభారతి సైటు మేలు. ఒక్క మాటకు బ్రౌన్‌తో సహా చాలా నిఘంటువులు ఒకేసారి తెరుచుకుంటాయి. లిపి రాని పిల్లలకు మాత్రం గ్విన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు చూపించండి. 1991 నాటిది, వాడుక తెలుగుకు దగ్గరగా ఉంటుంది, షికాగో విశ్వవిద్యాలయం సైటులో ఉచితం, రోమన్ అక్షరాల్లోనూ మాట కనబడుతుంది. వాడుక భాష కోసం పోరాడి, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన గిడుగు రామమూర్తి ఏళ్ల తరబడి పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే. ఆ ఊరి పిల్లలు వాడుక చూపని నిఘంటువుతో సరిపెట్టుకోవడం బాధాకరం.

సరిహద్దులో మరో చిక్కుంది. ఒడియాలో ‘ప్రస్తాబ’ అంటే ప్రపోజల్, తెలుగులో ‘ప్రస్తావన’ అంటే ఊరికే మాట ఎత్తడం. ఒడియాలో ‘పరామర్శ’ అంటే సలహా, మనకు కష్టంలో ఉన్నవాళ్లను పలకరించడం. ఒడియా బడిలో చదివిన పిల్లలు ‘నాకు పరామర్శ ఇచ్చారు’ అని తెలుగులో రాసేది అందుకే. పై డిక్షనరీల్లో ఏదీ దీని గురించి హెచ్చరించదు, ఇంట్లో పెద్దవాళ్లే చెప్పుకోవాలి. ప్రపోజ్‌తో అంత ఇబ్బంది లేదు. ‘టు’ చేరుతుంది, కాకపోతే ‘ఐ ప్రపోజ్ టు గో’ అంటే వెళ్దామనుకుంటున్నానని అర్థం. మీటింగులో తీర్మానానికి, ఆఫీసు ఫైలుకు ‘ప్రతిపాదన’ అంటే సరిపోతుంది.

కొండ ఊళ్లలో సిగ్నల్ అందని ఇళ్లకు అచ్చు పుస్తకమే దిక్కు. ఆక్స్‌ఫర్డ్ పదో ముద్రణ 2020లో వచ్చింది, కానీ సెకండ్ హ్యాండ్‌లో 2005 నాటి ఏడో ముద్రణ దొరికినా తీసుకోండి. సజెస్ట్ వాడుక అప్పటికీ ఇప్పటికీ మారలేదు. కొనేముందు ఎస్ అక్షరం పేజీలు ఊడిపోలేదని మాత్రం చూసుకోండి.