పంచదార లేని కోకో పొడి: కొన్నేళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను. ఇది డ్రింకింగ్ చాకొలెట్ గురించి కాదు, పిల్లల మాల్టు పొడుల గురించీ కాదు. డబ్బా వెనక పదార్థాల వరుసలో కోకో తప్ప దాదాపు ఏమీ ఉండని, నాలిక మీద వేసుకుంటే ముఖం చిట్లించాల్సి వచ్చే చేదు పొడి గురించి. బరంపురంలో మా ఇంట్లో ఇది కొన్నేళ్లుగా నడుస్తోంది. మళ్లీ కొంటానా అంటే కొంటాను. మందనుకుని కొంటానా అంటే మాత్రం కొనను. ఇచ్ఛాపురం చెక్‌పోస్టుకి అటూ ఇటూ చుట్టాలున్న మనలాంటి వాళ్లు ఈ పొడి విషయంలో ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మా ఆయనకి బీపీ గీత మీద ఉందని డాక్టరు గారు ఉప్పు, పంచదార తగ్గించమన్నారు. ఉప్పు సంగతి ఆవకాయతో కష్టమే గానీ పంచదార ఎక్కణ్ణుంచి వస్తోందని చూస్తే సాయంత్రం పాలలో కలిపే మాల్టు పొడి దగ్గర దొరికింది. దాని మీద ఇంకో చెంచా పంచదార వేసేవాళ్లం. అది మాన్పించి కోకో మొదలుపెట్టాం. ఈ ఇంట్లో కోకో చేసిన పెద్ద మేలు నా దృష్టిలో అదే: ఒక తీపి పానీయాన్ని బయటికి పంపించింది. మిగతా గొప్పలన్నీ ఆ తర్వాతే.

రుచికి అలవాటు పడటానికి టైం పడుతుంది. మొదట్లో పిల్లలు ముట్టలేదు. వేడి పాలలో నేరుగా పొడి వేస్తే పైన తేలుతుంది, ఉండలు కడుతుంది. పొడిలో కొవ్వు ఉండటమే కారణం. గ్లాసు అడుగున చెంచా పొడి వేసి, రెండు చెంచాల వేడినీళ్లతో ముద్దలా నూరి, ఆ తర్వాత పాలు పోయాలి. బెల్లం వేస్తే పాలు కాస్త చల్లారాక వెయ్యండి, లేకపోతే విరుగుతాయి. మా ఇంట్లో అందరికీ నచ్చింది మాత్రం పాలలో కన్నా చోడి (రాగి) జావలో. చోడిపిండి ఉడుకుతుండగా చెంచా కోకో, చిటికెడు ఉప్పు, చిన్న బెల్లం ముక్క. చోడికి ఉన్న ఆ మట్టి రుచీ, కోకో చేదూ బాగా కలుస్తాయి. పక్కింటి ఒడియా ఆవిడ వాళ్ల మండియా జావులో వేసి చూసి, తన కొడుకు స్కూలుకి వెళ్లేముందు అదే తాగుతున్నాడని చెప్పింది. చద్దన్నం రోజుల్లో, అంటే ఏప్రిల్, మే నెలల్లో, మేం దీన్ని దాదాపు ముట్టం. ఆ ఎండలకి మజ్జిగే దిక్కు.

ఇక కొనే దగ్గర. గేట్ బజార్ వైపు కిరాణా కొట్లలో "కోకో ఉందా" అని అడిగితే సగం సార్లు డ్రింకింగ్ చాకొలెట్ చేతిలో పెడతారు. వెనక చదివితే మొదటి పేరే పంచదార ఉంటుంది. అది వేరే సరుకు. అసలు కోకోలోనూ రెండు రకాలున్నాయి, చాలామంది చూసుకోనిది ఇదే. ఒకటి గింజని వేయించి, కొవ్వు పిండి, పొడి చేసింది. లేత గోధుమ రంగులో, కాస్త ఎర్రగా, కొంచెం పుల్లగా ఉంటుంది. రెండోది క్షారం పట్టించింది. 19వ శతాబ్దంలో హాలండ్‌లో వాన్ హూటెన్ కుటుంబం మొదలుపెట్టిన పద్ధతి అది, అందుకే డచ్ కోకో అంటారు. నల్లగా, మెత్తటి రుచితో, నీళ్లలో సులువుగా కలుస్తుంది. కేకులో రంగు అదిరిపోతుంది. మన కొట్లలో మామూలుగా దొరికేది ఎక్కువగా ఇదే. ప్యాకెట్ మీద "ఆల్కలైజ్డ్" అని పెద్దక్షరాల్లో రాయరు. పదార్థాల దగ్గర "అసిడిటీ రెగ్యులేటర్" అనో, పక్కన 501 లేదా 500 అనే అంకె ఉంటేనో అది క్షారం పట్టించినదే అనుకోవచ్చు. 501 అంటే పొటాషియం కార్బొనేట్లు, 500 అంటే వంటసోడా జాతి సోడియం కార్బొనేట్లు.

రంగు, రుచితో పోయేదైతే ఇంత చెప్పేదాన్ని కాదు. కోకో గుండెకి మంచిదని వాట్సాప్‌లో తిరిగే మాటలన్నీ అందులోని ఫ్లావనాల్స్ అనే పదార్థాల మీద నిలబడ్డవి. ఇవి రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేసుకోవడానికి సాయపడతాయి, నాళాలు కొంచెం సడలుతాయి. క్షారం పట్టిస్తే ఇవి చాలావరకు పోతాయి. అమెరికా మార్కెట్లో దొరికే పొడుల్ని పరీక్షించి 2008లో వేసిన లెక్కలో సహజమైన పొడిలో గ్రాముకి సగటున సుమారు 35 మిల్లీగ్రాములుంటే, బాగా క్షారం పట్టించిన దానిలో 4 దగ్గర తేలింది. అంటే నల్లటి పొడి చెంచాడు తాగి గుండెకి బలం అనుకుంటే ఆ బలంలో ఎనిమిదో వంతు కూడా రావట్లేదు. నల్లగా ఉంటే చిక్కగా ఉందనీ, చిక్కగా ఉంటే మంచిదనీ అనుకోవడం మనకి కాఫీ నుంచి వచ్చిన అలవాటు.

సరే, సహజమైనదే తాగుతున్నాం అనుకుందాం. ఎంత లాభం? యూరప్ ఆహార భద్రత సంస్థ 2012లో రోజుకి 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్ రక్తనాళాల సాగే గుణానికి, మామూలు రక్తప్రసరణకి తోడ్పడతాయని ఒప్పుకుంది. ఫ్లావనాల్స్ నిలబెట్టిన పొడి అయితే అది రెండున్నర గ్రాముల్లోనే వస్తుంది. మామూలు సహజ పొడిలో ఒక చెంచాకి కాస్త ఎక్కువే కావాలి. బీపీ విషయానికొస్తే, పరిశోధనలన్నీ కలిపి చూసిన 2017 నాటి కాక్రేన్ సమీక్షలో సగటు తగ్గుదల రెండు పాయింట్ల లోపే. మా ఆయన బీపీ ఇప్పుడు బాగానే ఉంది. దాన్ని కోకో ఖాతాలో వెయ్యను. అప్పడాలు, ఊరగాయలు తగ్గాయి, పొద్దున్న నడక మొదలైంది. అన్నీ ఒకేసారి జరిగితే ఏది పని చేసిందో ఎవరు చెప్పగలరు?

2022లో వచ్చిన కాస్మోస్ అనే పెద్ద పరీక్ష గురించి కూడా చాలామంది సగమే చెబుతారు. అమెరికాలో అరవై దాటిన ఇరవై ఒక్క వేల మందికి పైగా పాల్గొన్నారు. కొందరికి రోజుకి 500 మిల్లీగ్రాముల ఫ్లావనాల్స్ క్యాప్సూల్, కొందరికి ఉత్తుత్తి క్యాప్సూల్. గుండెపోట్లు, పక్షవాతాలు వగైరా అన్నీ కలిపి చూస్తే తేడా గట్టిగా చెప్పేంత రాలేదు. గుండె జబ్బులతో చనిపోయిన వాళ్ల లెక్క మాత్రం 27 శాతం తక్కువ వచ్చింది. ఈ రెండో ముక్కనే అందరూ పంచుకుంటారు. అక్కడ ఇచ్చింది పొడి కాదు, క్యాప్సూల్. పరీక్షకి డబ్బు సాయం చేసిన వాళ్లలో చాకొలెట్ వ్యాపారంలో ఉన్న మార్స్ కంపెనీ విభాగం ఒకటి. ఫలితం అబద్ధమని అనను గానీ, ఇవి తెలిశాక చదివే తీరు మారుతుంది. ఇంకోటి: కోకోలో అరటిపండు వేసి మిక్సీ కొట్టడం ఇప్పుడు ఫ్యాషన్. అరటిపండులోని ఎంజైము ఫ్లావనాల్స్‌ని బాగా తగ్గించేస్తుందని 2023లో తేలింది. రుచి కోసం తాగండి, లాభం కోసం కాదు.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి. మా పెద్దమ్మది కవిటి వైపు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి దొరకడం కష్టం. సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం, పలాస, ఎటు చూసినా ఎవరో ఒకరు డయాలిసిస్ మీద ఉంటారు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. వాళ్లే పరీక్షలకని బరంపురం వచ్చి మన ఇళ్లల్లో దిగుతారు. వచ్చిన వాళ్లకి ఏదో బలమైనది ఇవ్వాలని మనకి ఉంటుంది. పెద్దమ్మ మా పిల్లల గ్లాసు చూసి "ఏటమ్మా, నాకు కలపవేటి?" అంది. కలపలేదు. ఆవిడకి క్రియాటినిన్ ఎక్కువ, పొటాషియం చూసుకోమన్నారు. కొబ్బరినీళ్లు వద్దన్న మనిషికి కోకో ఎలా ఇస్తాం?

వంద గ్రాముల మామూలు కోకోలో పొటాషియం ఒకటిన్నర గ్రాముల దాకా ఉంటుంది. పొటాషియం కార్బొనేట్‌తో క్షారం పట్టించిన దానిలో రెండున్నర గ్రాముల దాకా వెళ్తుంది. చెంచాకి లెక్కేస్తే 75 నుంచి 125 మిల్లీగ్రాములు. చూడ్డానికి చిన్నదే. దానికి తోడు ఒక గ్లాసు పాలలో మరో 300 ఉంటాయి. ఫాస్ఫరస్ కూడా రెండింటిలోనూ ఎక్కువే. కిడ్నీ బాగున్న వాళ్లకి ఇవన్నీ మంచివే, బయటికి పోవాల్సింది పోతుంది. పోనివాళ్లకి మాత్రం పొటాషియం గుండె కొట్టుకునే తీరునే దెబ్బ తీస్తుంది. కాబట్టి కిడ్నీ పరీక్షల్లో తేడా ఉన్నవాళ్లకి, బీపీకి వాడే కొన్ని మాత్రల వల్ల పొటాషియం పెరిగే వాళ్లకి, కిడ్నీ డాక్టరుని అడక్కుండా ఈ పొడి ఇవ్వకండి. కిడ్నీలో రాళ్లొచ్చిన వాళ్లూ ఆలోచించాలి. కోకోలో ఆక్సలేట్లు బాగా ఎక్కువ, ఎక్కువమందికి వచ్చే రాళ్లు కాల్షియం ఆక్సలేట్‌వే. పైగా మన ఎండలకి నీళ్లు తాగింది చాలక రాళ్లు వచ్చే మనుషులు కోర్ట్‌పేటలో ప్రతి వీధికీ ఉంటారు.

కాడ్మియం, సీసం భయం కూడా కిడ్నీ దగ్గరికే వస్తుంది. కోకో చెట్టు నేలలోని కాడ్మియాన్ని వేళ్లతో పీల్చి గింజలోకి పంపుతుంది. లాటిన్ అమెరికా నేలల్లో ఇది ఎక్కువ. సీసం ఎక్కువగా కోత తర్వాత, గింజ ఆరబెట్టేటప్పుడు దుమ్ముతో అంటుకుంటుంది. ఏలూరు జిల్లాలో మా చుట్టాల కొబ్బరితోటలో కోకో అంతరపంట. పులిసిన గింజల్ని టార్పాలిన్ల మీద ఆరబోసి, గాలి లేస్తే పైన కప్పడానికి పరుగెత్తడం చూశాను. ఆ పరుగెందుకో అప్పుడు అర్థమైంది. 2022లో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ 28 డార్క్ చాకొలెట్లు పరీక్షిస్తే, 23 రకాల్లో రోజుకి ఒక ఔన్సు తిన్నా ఏదో ఒక లోహం వాళ్లు పెట్టుకున్న హద్దు దాటింది. యూరప్‌లో కొనేవాడి చేతికొచ్చే కోకో పొడిలో కాడ్మియం కిలోకి 0.60 మిల్లీగ్రాములకి మించకూడదని 2019 నుంచి రూలు. కాడ్మియం ఒంట్లోకి వెళ్తే కిడ్నీల్లో చేరి ఏళ్లకేళ్లు ఉండిపోతుంది. అలాగని టెన్షన్ పడి పారబోసేదేం కాదు, అన్నంలోనూ ఆకుకూరల్లోనూ కొంత వస్తూనే ఉంటుంది. నేను చేసేది ఇంతే: మనిషికి రోజుకి ఒక చెంచా దాటనివ్వను, వారంలో ఒకటి రెండు రోజులు అసలు కలపను, రెండు మూడు కంపెనీలు మార్చి మార్చి కొంటాను. చిన్నపిల్లలకి అరచెంచాయే. "హెల్త్‌కి మంచిది" అని రోజుకి మూడు నాలుగు చెంచాలు లాగించే వాళ్లని చూస్తే నాకు భయం.

చిన్నచిన్నవి ఇంకొన్ని. కెఫీన్ తక్కువే, చెంచాకి పన్నెండు మిల్లీగ్రాముల దగ్గర. టీలో అంతకి రెండు మూడు రెట్లుంటుంది. కెఫీన్ జాతిదే అయిన థియోబ్రోమిన్ మాత్రం వంద దాకా ఉంటుంది. మా చిన్నవాడికి రాత్రి ఇస్తే నిద్ర ఆలస్యమయ్యేది, ఆరు గంటల తర్వాత ఇవ్వడం మానేశాం. గ్యాస్, గుండెల్లో మంట ఉన్నవాళ్లకి ఇది పడకపోవచ్చు, మా అత్తయ్యకి పడలేదు. కోకోలో ఐరన్ ఉందని పిల్లలకి రక్తం పడుతుందని ఇవ్వకండి. ఉన్న ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వకుండా అడ్డుపడే పదార్థాలూ అందులోనే ఉన్నాయి. స్కూల్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర రోజున అమ్మాయికి కోకో ఇవ్వను. ఇంట్లో కుక్క ఉంటే డబ్బా పైఅరలో పెట్టండి. థియోబ్రోమిన్ కుక్కలకి విషం, చాకొలెట్ కన్నా ఈ పొడిలో చాలా ఎక్కువ.

ధర విషయంలో 2024 చేదు ఏడాది. ఐవరీ కోస్ట్, ఘనాల్లో పంట దెబ్బతిని టన్ను గింజలు పదివేల డాలర్లు దాటాయి, మన ప్యాకెట్లూ దానితోపాటే పెరిగాయి. ఏలూరు చుట్టాలు ఆ ఏడాది నవ్వారు, నేను అరకిలో బదులు చిన్న ప్యాకెట్ కొన్నాను. నిజానికి చిన్న ప్యాకెట్టే నయం. గోపాలపురం సముద్రపు గాలికి వానాకాలంలో పెద్ద డబ్బా తెరిచి ఉంచితే గడ్డకట్టి ముక్కిన వాసన వస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక ప్యాకెట్ అయితే తెరవగానే ఆ వాసనే, తిరిగి పంపించేశాను. ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. బిగుతు మూత ఉన్న సీసా, పొడి చెంచా చాలు. సహజమైన పొడి బరంపురం కొట్లలో ఎప్పుడూ ఉండదు. దొరకని నెలలో నల్లదే తెచ్చి కేకుకి వాడతాను, జావలోకి మాత్రం ఉత్త బెల్లమే.